ఒంటి కదలికను ఫోను పసిగట్టే తీరు: మొబైల్ గేముల్లో మోషన్ సెన్సర్లు

'హెడ్స్ అప్' అనే ఆట ఆడేవారు ఫోనును నుదుటికి ఆనించి పట్టుకుంటారు. తెర మీది పదం ఎదురుగా ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది, ఆడేవారికి మాత్రం కనిపించదు. మిగతావాళ్లు సైగలు చేసి, కూనిరాగాలు తీసి, నటించి చూపించి ఆ పదాన్ని వాళ్లచేత చెప్పించాలి. చెప్పగలిగితే తల కిందికి వంచాలి, రాకపోతే పైకెత్తాలి. వెంటనే తర్వాతి పదం వచ్చేస్తుంది. అమెరికన్ టీవీ వ్యాఖ్యాత ఎలెన్ డీజెనరస్ తన షోలో ఆడించిన ఈ ఆట 2013లో యాప్‌గా వచ్చింది. తల వంచిన సంగతి అందులో గేముకు తెలియజేసేది కెమెరా కాదు, తెర మీద వేలూ కాదు. ఫోను లోపల రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, వెడల్పు ఉండే ఒక చిప్.

ఇలాంటి చిప్‌లను మోషన్ సెన్సర్లు అంటారు. ముఖ్యమైనవి మూడు. త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్, తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్, దిక్సూచిలా పనిచేసే మాగ్నెటోమీటర్. ఈ మూడింటిలో ఏదీ మనిషిని చూడదు. ఫోను ఎటు వాలింది, ఎంత వేగంగా తిరిగింది, ఏ వైపు నుంచి కుదుపు తగిలింది అన్నంతవరకే వాటికి తెలుసు. పట్టుకున్న మనిషి గెంతాడా, నడిచాడా, నాట్యం చేశాడా అన్నది ఆ అంకెలను బట్టి గేమే ఊహించుకోవాలి. ఈ హద్దును గుర్తించి దానికి తగ్గట్టు నియమాలు రాసుకున్న ఆటలు బాగా కుదిరాయి. గుర్తించనివి ఆడేవారిని విసిగించాయి.

యాక్సిలరోమీటర్ లోపల సిలికాన్‌తో చెక్కిన అతిచిన్న దిమ్మె ఒకటి సన్నని స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. దిమ్మె అంచున దువ్వెన పళ్లలా పలకలు, వాటి మధ్యలో కదలని పలకలు ఉంటాయి. ఫోను కదిలితే దిమ్మె రవ్వంత వెనకబడుతుంది. పలకల మధ్య దూరం మారి, వాటి విద్యుత్ కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పే త్వరణంగా లెక్కకు వస్తుంది. నిలువు, అడ్డం, లోతు అనే మూడు దిశల్లోనూ ఈ కొలత జరుగుతుంది. ఈ విద్యను చవక చేసింది ఫోన్ల కంపెనీలు కాదు, కార్ల పరిశ్రమ. గుద్దుకున్న క్షణంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఇలాంటి సెన్సరే కావాలి. అనలాగ్ డివైసెస్ సంస్థ 1990ల తొలి ఏళ్లలో ఆ పని కోసం తయారుచేసిన చిప్‌లతోనే ఇవి లక్షల సంఖ్యలో తయారవడం మొదలైంది.

కొత్తగా గేములు రాసేవారిని తికమక పెట్టే విషయం ఇందులో ఒకటుంది. బల్ల మీద కదలకుండా పడున్న ఫోనులో యాక్సిలరోమీటర్ సున్నా చూపించదు, సుమారు 9.8 చూపిస్తుంది. భూమి లాగుతున్నా ఫోను కిందికి పోకుండా బల్ల పైకి నెడుతోంది కదా, సెన్సర్ కొలిచేది ఆ నెట్టుడునే. ఫోను చేయి జారి పడుతున్నప్పుడు మాత్రం విలువ సున్నాకు దగ్గరవుతుంది. దీని మీద ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ లెక్క కూడా కలవదు. తెర పైకి ఉండేలా బల్ల మీద పెడితే ఆండ్రాయిడ్ ప్లస్ 9.8 అంటుంది, ఐఫోన్ మైనస్ 1 అంటుంది. ఒకటి సెకను వర్గానికి మీటర్లలో కొలిస్తే, రెండోది భూమ్యాకర్షణనే ప్రమాణంగా తీసుకుని గుర్తును తిప్పి చెబుతుంది. ఒక ఫోనులో చక్కగా ఆడిన గేము రెండో దానిలో అద్దంలో చూసినట్టు తిరగబడటానికి ఈ గుర్తు తేడా చాలు.

సున్నాకు దగ్గరవడం అన్న గుణమే గెంతును పట్టిస్తుంది. ఫోనును గట్టిగా పట్టుకుని మనిషి పైకి ఎగిరితే, నేలను తన్నేటప్పుడు విలువ ఒక్కసారి పెరుగుతుంది, గాలిలో ఉన్నంతసేపూ బాగా తగ్గిపోతుంది, కాళ్లు నేలను తాకగానే మళ్లీ ఎగబాకుతుంది. గాలిలో ఎంతసేపు ఉన్నాడో తెలిస్తే ఎంత ఎత్తు ఎగిరాడో కూడా లెక్క కట్టవచ్చు. అర సెకను గాలిలో ఉంటే ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. కెమెరా లేకుండా, కొలబద్ద లేకుండా రెండు కుదుపుల మధ్య ఎడాన్ని బట్టి ఇంత చెప్పగలగడం నిజంగా అందమైన విషయం.

వాలును కనిపెట్టడం ఇంకా తేలిక. ఫోను నిలకడగా ఉన్నప్పుడు మూడు దిశల్లో ఆ 9.8 ఎలా పంచుకుందో చూస్తే ఎటు ఎంత వంగిందో తెలుస్తుంది. చిక్కంతా నిలకడగా లేనప్పుడే. మలుపు తిరుగుతున్న బస్సులో కూర్చుని తొలినాటి వాలు గేము ఆడితే తెర మీది బొమ్మ తనంతట తాను పక్కకు జరుగుతుంది. వాలినందువల్ల వచ్చిన మార్పు ఏదో, బస్సు తోసినందువల్ల వచ్చిన మార్పు ఏదో యాక్సిలరోమీటర్ ఒక్కటే తేల్చుకోలేదు.

అందుకే గైరోస్కోప్ కావలసి వచ్చింది. పాత గైరోలో చక్రం తిరిగేది. ఫోనులో తిరిగేది ఏమీ ఉండదు, ఆగకుండా కంపించే సూక్ష్మమైన సిలికాన్ ముక్క ఉంటుంది. ఫోను తిరిగినప్పుడు పుట్టే కోరియాలిస్ బలం ఆ కంపనాన్ని అడ్డంగా నెడుతుంది. ఆ నెట్టుడు ఎంతో కొలిస్తే సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున తిరుగుతోందో తేలుతుంది. గైరో చురుకైనది, కుదుపులకు అంతగా చలించదు. కానీ అది చెప్పేది వేగమే. కోణం కావాలంటే ఆ వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోవాలి. సెకనుకు 0.1 డిగ్రీ తప్పు చూపే గైరో నిమిషం తిరిగేసరికి 6 డిగ్రీలు పక్కకు జరిగిపోతుంది. దీన్ని డ్రిఫ్ట్ అంటారు.

కాబట్టి రెండింటినీ కలిపి వాడతారు. చురుకైన కదలికకు గైరో మాట, నిదానంగా పేరుకునే తప్పును దిద్దడానికి యాక్సిలరోమీటర్ మాట. ఈ కలయికకు అందరికంటే తేలికైన పద్ధతి కాంప్లిమెంటరీ ఫిల్టర్. అందులో గైరో లెక్కకు 98 శాతం, యాక్సిలరోమీటర్ లెక్కకు 2 శాతం విలువ ఇవ్వడం అభ్యాసకుల పాఠాల్లో తరచు కనిపిస్తుంది. రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రతిపాదించిన ఫిల్టర్ ఇంకా కట్టుదిట్టమైనది. నేలకు సమాంతరంగా చుట్టూ తిరిగితే యాక్సిలరోమీటర్‌కు ఏమీ తెలియదు గనుక ఆ దిశను దిద్దడానికి మాగ్నెటోమీటర్ కావాలి. అదేమో ఇనుప బీరువా పక్కన, స్పీకర్ పక్కన గాడి తప్పుతుంది. ఆటకు ఉత్తరం ఎటో అక్కర్లేదు, నున్నగా కదిలితే చాలు. అందుకే ఆండ్రాయిడ్‌లో మాగ్నెటోమీటర్‌ను పక్కనపెట్టి లెక్క చెప్పే 'గేమ్ రొటేషన్ వెక్టర్' అనే సదుపాయాన్ని విడిగా ఇచ్చారు.

ఇన్ని చేసినా ఫోను ఎక్కడుందో మాత్రం ఈ సెన్సర్లు చెప్పలేవు. త్వరణాన్ని ఒకసారి కూడితే వేగం, మళ్లీ కూడితే దూరం రావాలి, పుస్తకంలో ఉన్నది అదే. కానీ త్వరణంలో 0.1 పొరపాటు ఉంటే పది సెకన్లకు దూరం 5 మీటర్లు తప్పుతుంది, నిమిషానికి 180 మీటర్లు తప్పుతుంది. చేతిలోని ఫోను అప్పటికి వీధి చివర ఉందని గేము నమ్ముతుంది. కత్తి ఎటు తిప్పారో ఫోను చెప్పగలదు, కత్తి మొన ఎక్కడుందో చెప్పలేదు. ఈ రంగంలోని సగం రూపకల్పన నిర్ణయాలకు మూలం ఈ ఒక్క లెక్కే.

ఆటలకు కదలికను జోడించాలన్న ఆలోచన స్మార్ట్‌ఫోన్ కంటే ముందుది. నింటెండో 2000లో గేమ్ బాయ్ కలర్ కోసం తెచ్చిన 'కిర్బీ టిల్ట్ అన్ టంబుల్' క్యాసెట్‌లోనే యాక్సిలరోమీటర్ ఉండేది. 2004లో వచ్చిన 'వారియోవేర్ ట్విస్టెడ్'లో గైరో పెట్టారు. సెన్సర్ లేని ఫోన్లలో కొందరు వేరే దారి వెతికారు. 2003 నాటి సీమెన్స్ ఎస్ఎక్స్1లో 'మోజీస్' అనే ఆట కెమెరా దృశ్యం ఎటు జరుగుతోందో గమనించి ఫోను కదలికను అంచనా వేసేది. దోమలను తరిమి కొట్టడం ఆ ఆటలో పని. నోకియా 2006లో 5500 స్పోర్ట్ ఫోనులో యాక్సిలరోమీటర్ పెట్టింది. అదే ఏడాది వచ్చిన నింటెండో వీ అనే గేమ్ కన్సోల్ ఇంటింటి హాలునూ టెన్నిస్ కోర్టు చేసేసింది. ఊపులో చేతి రిమోట్లు జారి ఎగిరిపోతుండటంతో నింటెండో దాదాపు 32 లక్షల మణికట్టు పట్టీలను మార్చి ఇవ్వవలసి వచ్చింది. ఒళ్లు మరచి ఆడతారన్న సంగతిని పరిశ్రమకు తెలిపినది ఆ పట్టీల వ్యవహారమే.

2007లో వచ్చిన తొలి ఐఫోన్‌లో యాక్సిలరోమీటర్ ఉన్నది తెరను అడ్డంగా, నిలువుగా తిప్పడానికి. మరుసటి ఏడాది జూలైలో యాప్ స్టోర్ తెరిచిన రోజే సెగా వారి 'సూపర్ మంకీ బాల్' ఆ సెన్సర్‌ను ఆటలోకి దించింది. దాన్ని అదుపు చేయడం కష్టమని చాలామంది గొణిగారు. 2009లో లిమా స్కై సంస్థ తెచ్చిన 'డూడుల్ జంప్' ఆ కష్టాన్ని ఒక్క కోతతో తీర్చింది. బొమ్మ తనంతట తాను ఎగురుతూ ఉంటుంది, ఆడేవారు ఎడమకో కుడికో వంచితే చాలు. మూడు దిశల్లో ఒక్కటే వాడింది, అదీ సెన్సర్‌కు బాగా తెలిసిన దాన్ని. 2011 నాటి 'టెంపుల్ రన్' కూడా అంతే, మలుపులకు వేలితో లాగడం, నాణేల కోసం ఫోనును పక్కకు వంచడం. రెండు పనులకూ తగిన పరికరాన్ని ఎంచుకోవడంలోనే దాని తెలివి ఉంది.

గైరో ఫోనులోకి వచ్చింది 2010 జూన్‌లో, ఐఫోన్ 4తో. వేదిక మీద స్టీవ్ జాబ్స్ చెక్క ముక్కలు పేర్చిన జెంగా లాంటి గోపురాన్ని తెర మీద చూపించి, తాను ఫోనుతో పాటు తిరుగుతుంటే గోపురమూ తిరగడాన్ని ప్రదర్శించారు.

తెలుగు యువతకు గైరో అనే మాట బాగా దగ్గరైంది మాత్రం పబ్జీ మొబైల్‌తో. 2018లో వచ్చిన ఆ ఆటను భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. 2021 జూలైలో అది బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది. తుపాకీ పేలుతున్నప్పుడు గొట్టం పైకి లేస్తుంది, దాన్నే రికాయిల్ అంటారు. బొటనవేలితో తెరను కిందికి లాగుతూ దాన్ని ఆపవచ్చు, లేదా ఫోనునే కాస్త ముందుకు వంచవచ్చు. రెండోది అలవాటైనవారికి వేలు వేరే పనికి మిగులుతుంది. సెట్టింగుల్లో తుపాకీ స్కోప్ తెరిచినప్పుడే గైరో పనిచేసేలాగానో, ఎప్పుడూ పనిచేసేలాగానో పెట్టుకోవచ్చు. సెన్సిటివిటీ అంకెలను పంచుకోవడం ఈ ఆటగాళ్లలో ఒక సంప్రదాయమైపోయింది. అయితే ఒకరి అంకె మరొకరి ఫోనులో అదే ఫలితం ఇవ్వదు. చవక ఫోన్లలో కొన్నిటికి అసలు గైరో చిప్పే ఉండదు, మిగతా సెన్సర్ల అంకెల నుంచి లెక్క కట్టిన 'వర్చువల్ గైరో'తో సరిపెడతారు. అది నిదానం, తడబాటు ఎక్కువ. ఒకే పోటీలో అసలు గైరో ఉన్న ఫోనుతో ఒకరు, లేని ఫోనుతో ఒకరు దిగడం న్యాయమైన ఆట కాదు. కొనే ముందు స్పెసిఫికేషన్ల పట్టికలో గైరోస్కోప్ అన్న గడిని చూసుకోమని కుర్రాళ్లు ఒకరికొకరు చెప్పుకునేది అందుకే.

పైవన్నీ చేతి కదలికలు. ఒళ్లంతా కదిలే ఆటల్లో ముందుగా చెప్పుకోవలసింది నడక. జేబులో ఫోను ఏ కోణంలో పడిందో తెలియదు కాబట్టి మూడు దిశల విలువలనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తారు. కోణం ఏదైనా ఈ మొత్తం మారదు. నడుస్తుంటే అది అలల్లా ఎగసిపడుతుంది. మామూలు నడకలో సెకనుకు సుమారు రెండు అలలు. మరీ దగ్గరగా వచ్చినవీ మరీ చిన్నవీ వదిలేసి మిగతా శిఖరాలను లెక్కిస్తే అడుగులు వస్తాయి. ఈ లెక్క రోజంతా సాగితే బ్యాటరీ మిగలదు. 2013లో ఐఫోన్ 5ఎస్‌లో ఎం7 అనే సహాయక చిప్, ఆండ్రాయిడ్ 4.4లో స్టెప్ కౌంటర్ సదుపాయం వచ్చాక ప్రధాన ప్రాసెసర్ నిద్రపోతున్నా అడుగులు లెక్కకు వస్తున్నాయి.

బ్రిటన్ రచయిత్రి నవోమీ ఆల్డర్‌మన్, సిక్స్ టు స్టార్ట్ సంస్థ కలిసి 2012లో తెచ్చిన 'జాంబీస్, రన్!' ఈ లెక్కను కథగా మలిచింది. చెవిలో రేడియో నాటకంలా కథ నడుస్తుంటుంది. వెనక నుంచి జాంబీల మూలుగు వినిపిస్తే వేగం పెంచి పరుగెత్తాలి. బయట జీపీఎస్, ట్రెడ్‌మిల్ మీదైతే అడుగుల లెక్క. తెర వైపు చూడవలసిన అవసరమే లేదు, ఫోను జేబులోనే ఉంటుంది. బయట నడుస్తూ ఆడే పోకెమాన్ గో 2016లో వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో రిలయన్స్ జియోతో కలిసి భారత్‌లో అడుగుపెట్టింది. యాప్ మూసి ఉన్నా నడక లెక్కకు వచ్చే అడ్వెంచర్ సింక్‌ను 2018లో చేర్చారు. ఆ తర్వాత ఫోనును ఊయలలా ఊపే మోటారు తొట్లు బజారులోకి వచ్చాయి. మనిషి కుర్చీలో, ఫోను నడకలో. సెన్సర్‌కు ఫోనే తెలుసు, మనిషి తెలియడన్నదానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నాట్యం విషయంలో ఈ లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యూబీసాఫ్ట్ 2014లో తెచ్చిన 'జస్ట్ డ్యాన్స్ నౌ'లో పాట, నర్తకుల బొమ్మలు పెద్ద తెర మీద వస్తాయి. ఆడేవారు ఫోనును కుడి చేతిలో పట్టుకుని వాటిని అనుకరిస్తారు. మార్కులు పడేది కుడి చేతి ఊపుకే. కాళ్లు, నడుము, ఎడమ చేయి ఏం చేస్తున్నాయో దానికి అందదు. సోఫాలో కూర్చుని ఒక్క మణికట్టు తిప్పి మార్కులు కొట్టేసేవారు ఉంటారు. అయినా ఈ ఆట విఫలం కాలేదు. నృత్యాలను కూర్చినవారు కుడి చేయి ముందుండేలా కూర్చారు. చేయి నిండుగా ఊపాలంటే ఒళ్లు కదలక తప్పదు, పక్కన స్నేహితులు ఉంటే కూర్చోవాలనీ అనిపించదు.

ఒక ఊపును ఫలానా ఊపుగా గుర్తించడానికి వాడే పద్ధతుల్లో డైనమిక్ టైమ్ వార్పింగ్ పాతది. మాటలను గుర్తించే పరిశోధనలో పుట్టిన ఈ పద్ధతి ఒకరు త్వరగా, మరొకరు నిదానంగా చేసిన ఒకే కదలికను సాగదీసి, కుదించి పోల్చి చూస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వారు 2009లో ప్రకటించిన 'యూవేవ్' ఒక్క యాక్సిలరోమీటర్‌తో, ప్రతి సైగకూ ఒక్క నమూనా తీసుకుని, ఎనిమిది సైగలను 98.6 శాతం సరిగ్గా గుర్తించింది. ఈ అంకెకు ఒక షరతు ఉంది, నమూనా ఎవరు ఇచ్చారో పరీక్షలో పాల్గొన్నదీ వాళ్లే. తర్వాత మెషిన్ లెర్నింగ్ వచ్చింది. 30 మంది వాలంటీర్ల నడుముకు శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్2 కట్టి నడక, మెట్లు ఎక్కడం, దిగడం, కూర్చోవడం, నిలబడటం, పడుకోవడం సెకనుకు 50 సార్ల చొప్పున నమోదు చేసిన దత్తాంశం ఈ రంగంలో విద్యార్థులందరికీ పరిచితమే. అక్కడ ఫోను నడుముకు బిగించి ఉంది. నిజజీవితంలో అది చొక్కా జేబులో, ప్యాంటు జేబులో, హ్యాండ్‌బ్యాగ్ అడుగున ఉంటుంది. ప్రయోగశాలలో నెగ్గిన కోడ్ గేములో ఓడిపోయేది చాలావరకు ఇక్కడే.

ఈ జాబితాలో ఎక్కువ గౌరవం దక్కవలసింది, నెదర్లాండ్స్‌లోని గేమ్ ఓవెన్ స్టూడియో 2014లో తెచ్చిన 'బౌండెన్'కు. డచ్ నేషనల్ బ్యాలే నృత్యకర్త ఎర్న్స్ట్ మైస్నర్ దీనికి అడుగులు కూర్చారు. ఇద్దరు మనుషులు, ఒకే ఫోను. చెరో చివర చెరో బొటనవేలు ఆనించాలి. తెర మీది గోళాన్ని దారి తప్పకుండా తిప్పాలంటే ఫోనును వంచాలి, ఫోను వంగాలంటే ఇద్దరూ ఒకరి చేతి కింది నుంచి ఒకరు దూరి తిరగాలి. సెన్సర్ చూసేది ఫోను తిరుగుడునే, బ్యాలే మాత్రం వాళ్లిద్దరి మధ్యా దానంతటదే జరిగిపోతుంది. ఒంటిని కొలవాలని పాకులాడకుండా, ఒళ్లు కదలక తప్పని నియమం పెట్టడం ఎంత గొప్ప ఉపాయమో దీన్ని ఆడితేనే తెలుస్తుంది. దాని ఆండ్రాయిడ్ రూపం మాత్రం వెంటనే రాలేదు. ఒక్కో ఫోనులో గైరో ఒక్కో రకంగా స్పందించడమే ఇబ్బంది అని స్టూడియో చెప్పింది.

ఆలస్యం మరో సమస్య. ఆండ్రాయిడ్‌లో గేముల కోసం నిర్దేశించిన వేగం సెకనుకు 50 కొలతలు. గేములో కారు నడపడానికి అది సరిపోతుంది. ఫోనునే కళ్లజోడులా పెట్టుకునే వర్చువల్ రియాలిటీలో తల తిప్పడానికీ దృశ్యం మారడానికీ మధ్య 20 మిల్లీసెకన్లు దాటితే కడుపులో తిప్పుతుంది, కాబట్టి అక్కడ ఇంకా వేగం కావాలి. గూగుల్ 2014లో పంచిన కార్డ్‌బోర్డ్ కళ్లజోడులో బటన్ కూడా మోషన్ సెన్సరే. పక్కనున్న అయస్కాంతాన్ని కిందికి జరిపితే మాగ్నెటోమీటర్ దాన్ని నొక్కుడుగా భావించేది.

కొలతలు వేగమైతే వేరే ప్రమాదం వస్తుంది. మాట్లాడేటప్పుడు గాలిలో పుట్టే కంపనాలకు గైరో కూడా రవ్వంత వణుకుతుంది. ఆ వణుకు నుంచి మాటల ఆనవాళ్లు రాబట్టవచ్చని స్టాన్‌ఫర్డ్, ఇజ్రాయెల్‌లోని రఫాయెల్ సంస్థల పరిశోధకులు 2014లో చూపించారు. మైకు వాడాలంటే అనుమతి అడగాలి, గైరోకు అప్పట్లో ఎవరూ అడిగేవారు కాదు. వెబ్‌సైట్లు కదలిక వివరాలు తీసుకునే ముందు వాడుకరిని అడగడం ఐఫోన్ బ్రౌజరు 2019లో మొదలుపెట్టింది. అదే ఏడాది అడుగుల లెక్కకు అనుమతిని ఆండ్రాయిడ్ 10 తప్పనిసరి చేసింది. 2021 నాటి ఆండ్రాయిడ్ 12లో ప్రత్యేకంగా ప్రకటించని యాప్‌లకు సెకనుకు 200 కొలతల హద్దు పెట్టారు.

ఒంటి మొత్తాన్నీ చూడాలనుకునేవారు ఇప్పుడు కెమెరా వైపు వెళ్తున్నారు. యాపిల్ 2019లో మనిషి కీళ్ల కదలికను పట్టే సదుపాయాన్ని ఏఆర్‌కిట్ అనే తన సాఫ్ట్‌వేర్‌లో చేర్చింది. గూగుల్ 2020లో ప్రకటించిన బ్లేజ్‌పోజ్ ఒంటి మీద 33 బిందువులను గుర్తిస్తుంది. దీనికి ఫోనును ఎక్కడో నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, వెలుతురు చూసుకుని ఆడాలి. జేబులో పెట్టుకుని పరుగెత్తే ఆటకు అది కుదరదు.

ఏ సెన్సర్ వాడినా, ఆడేవారందరి ఒళ్లూ ఒకే తీరుగా కదలవు. మంచం మీద పడుకుని ఆడేవారికి, చేయి వణికేవారికి, చక్రాల కుర్చీలో ఉన్నవారికి, ఒంటి చేత్తో ఆడేవారికి నిలబడి ఫోను పట్టుకునే భంగిమ వర్తించదు. 'ఇప్పుడు పట్టుకున్న కోణమే సున్నా' అని గేముకు చెప్పే క్యాలిబ్రేట్ బటన్ ఒకటి, కదలిక అవసరం లేకుండా వేలితో ఆడుకునే మార్గం ఒకటి ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. రెండూ రాయడానికి పెద్ద శ్రమ కాదు. అయినా వాటిని మెనూ అడుగున దాచేసే గేములు, అసలు పెట్టని గేములు నేటికీ ఎన్నో ఉన్నాయి. మొదటిసారి ఆట తెరిచినప్పుడే, తెర మీద ముందుగా కనిపించవలసినవి ఆ రెండే.